రొదలో మాట తేటగా వినబడాలంటే: మైకుల వరుస, బీమ్‌ఫార్మింగ్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు యార్డులో ఉల్లి వేలం, ఆదోనిలో పత్తి వేలం, గుంతకల్లు జంక్షన్‌లో ప్లాట్‌ఫాం, కడప బండలు పరిచిన తరగతి గది. ఈ నాలుగు చోట్లా ఒకే మనిషి మాట్లాడినా మైకుకు అందే మాట ఒకటిగా ఉండదు. కర్నూలులో సౌండు పనులు చేసుకునే నన్ను ఈ జిల్లాల ఉపాధ్యాయులు, సమావేశాలు రికార్డు చేసేవారు, ఇంజినీరింగ్ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబులన్నీ ఒకే పొడవులో లేవు. జనం ఎక్కడ ఎక్కువగా డబ్బు వృథా చేసుకుంటున్నారో అక్కడ ఎక్కువ రాశాను.

బీమ్‌ఫార్మింగ్ అంటే ఏమిటి?

అన్ని వైపుల శబ్దాన్నీ సమానంగా పట్టే మైకు ఒక్కటే ఉంటే, మాట ఏ దిక్కు నుంచి వచ్చిందన్న ఆనవాలు దాని సిగ్నల్‌లో మిగలదు. అవే మైకులను కొద్దికొద్ది ఎడంతో వరుసగా అమర్చినప్పుడు ఒకే మాట ఒక్కో మైకును ఒక్కో క్షణంలో చేరుతుంది. 20 డిగ్రీల వేడిమి దగ్గర ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి, 5 సెం.మీ. ఎడంగా ఉన్న రెండు మైకుల గీత వెంబడి వచ్చిన మాట రెండో మైకుకు సుమారు 146 మైక్రోసెకన్లు ఆలస్యంగా అందుతుంది. మనకు కావలసిన మనిషి ఉన్న దిక్కును బట్టి ఈ ఆలస్యాలను లెక్కగట్టి, ముందుగా అందిన సిగ్నల్‌ను అంతసేపు ఆపి, అన్నింటినీ కలిపితే ఆ మనిషి మాట ఒకదానిపై ఒకటి సరిగ్గా పడి బలపడుతుంది. పక్కల నుంచి వచ్చిన రొదకు ఆ పొంతన కుదరదు కాబట్టి అది వెనకబడుతుంది. గనిలో బండను కదిలించేటప్పుడు ‘ఐలెస్సా’ అన్న కేకకు అందరూ ఒకేసారి బలం వేయడానికీ, ఎవరికి తోచినప్పుడు వారు లాగడానికీ ఉన్న తేడా ఇదే. ఇలా ఒక దిక్కు మాటను బలపరచడమే బీమ్‌ఫార్మింగ్. అందులో అతి సులువైన ఈ పద్ధతిని డిలే అండ్ సమ్ అంటారు.

ఎన్ని మైకులు పెడితే ఎంత లాభం?

ఒక్కో మైకుకు అందే రొదకు మరో మైకు రొదతో సంబంధం లేనప్పుడు, మైకుల సంఖ్య రెండింతలైన ప్రతిసారీ మాట రొదపై 3 డెసిబెల్లు (శబ్ద బలానికి కొలత) పైకి తేలుతుంది. అంటే 2 మైకులకు 3, 4 మైకులకు 6, 8 మైకులకు 9 డెసిబెల్లు.

ఈ అంకెను మరో అంకె పక్కన పెట్టి చూడాలని అడిగినవారందరికీ చెబుతాను. ఆరుబయట మనిషికీ మైకుకూ మధ్య దూరం సగమైతే మాట 6 డెసిబెల్లు పెరుగుతుంది. కనుక నాలుగు మైకుల వరుస ఇచ్చే లాభమూ, ఒకే మైకును సగం దూరానికి జరిపితే వచ్చే లాభమూ సుమారుగా ఒకటే. రెండు మీటర్ల దూరంలో ఉన్న మైకును అర మీటరుకు తెస్తే 12 డెసిబెల్లు వస్తాయి. దూరం మార్చకుండా అంత లాభాన్ని మైకుల లెక్కతోనే రాబట్టాలంటే 16 మైకులు కావాలి. ఏ పరికరం గురించి విన్నా నేను ముందుగా దాని డెసిబెల్లను ఇలా అడుగుల్లోకి మార్చుకుంటాను. అలా మార్చాక చాలా కొనుగోళ్లు అనవసరమని తేలిపోతాయి.

అయితే కాలర్ మైకు పెట్టుకుంటే సరిపోదా?

మాట్లాడేది ఒక్కరే అయి, మైకు పెట్టుకోవడానికి వారు ఒప్పుకుంటే సరిపోతుంది. మైకుల వరుస అవసరం ఆ వీలు లేని చోట్ల పడుతుంది: వేలం పాట ఒక రాశి దగ్గర మొదలై మరో రాశి దగ్గరకు జరిగిపోతూ ఎవరు ఎప్పుడు ధర అంటారో తెలియని యార్డులో, ముప్పై మంది పిల్లల్లో ఎవరైనా లేచి ప్రశ్న అడిగే తరగతిలో, పదిమంది చుట్టూ కూర్చున్న బల్ల దగ్గర.

మైకుల మధ్య ఎంత ఎడం ఉండాలి?

మనం కాపాడుకోవలసిన అతి పెద్ద ఫ్రీక్వెన్సీకి ఉన్న తరంగ దైర్ఘ్యంలో సగానికి మించకూడదు. 4 కిలోహెర్ట్జ్ వద్ద తరంగ దైర్ఘ్యం సుమారు 8.6 సెం.మీ. కాబట్టి ఎడం 4.3 సెం.మీ. లోపు ఉండాలి, 8 కిలోహెర్ట్జ్ వరకు కావాలంటే 2.1 సెం.మీ. లోపు. అంతకు మించితే, మనం చూపిన దిక్కుతో పాటు వేరే దిక్కును కూడా వరుస అంతే బలంగా వింటుంది. వేలం పాడేవాడి వైపు చూపు పెడితే పక్కన టీ కొట్టు మాటలు కూడా అంతే స్పష్టంగా వచ్చేది ఇందుకే.

తెలుగు మాటకు ఈ పై ఫ్రీక్వెన్సీలు ముఖ్యం. అచ్చుల బలం కింది ఫ్రీక్వెన్సీల్లో ఎక్కువగా ఉంటుంది. హల్లులను విడదీసే గుర్తులు సన్నగా, పైన ఉంటాయి. ‘పది’కీ ‘పడి’కీ, ‘తాత’కూ ‘టాటా’కూ తేడాను చెవి పట్టేది చాలావరకు 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ ప్రాంతంలోని ఆనవాళ్లతోనే, ‘స’లోని ఊదు అంతకంటే పైన ఉంటుంది. పాత టెలిఫోన్ 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర కోసేయడం వల్లనే పేర్లు చెప్పేటప్పుడు ఒక్కో అక్షరాన్నీ విడమర్చి చెప్పవలసి వచ్చేది.

మరోవైపు వరుస మొత్తం పొడవు తక్కువైతే కింది ఫ్రీక్వెన్సీలపై దానికి పట్టు ఉండదు. 20 సెం.మీ. వరుసకు 4 కిలోహెర్ట్జ్ వద్ద చూపు 20 నుంచి 25 డిగ్రీల వెడల్పులో నిలుస్తుంది. 1 కిలోహెర్ట్జ్ వద్ద తరంగం వరుస కంటే పొడవుగా ఉంటుంది కాబట్టి చూపు బాగా వెడల్పవుతుంది. 250 హెర్ట్జ్ వద్ద తరంగం 1.4 మీటర్లకు దగ్గరగా ఉండడంతో దిక్కులు దాదాపు తెలియనే తెలియవు. లారీ ఇంజన్ గుర్రుమనే శబ్దాన్ని చిన్న వరుస తగ్గించలేదని గుర్తుంచుకోవాలి. ఆ శబ్దాన్ని 150 హెర్ట్జ్ కింద కోసే మామూలు ఫిల్టరుకు వదిలేయడమే మంచిది.

నాలుగు మైకులను ఒకే గీతలో బిగించిన బార్ పెట్టినా ఫ్యాను శబ్దం అలాగే ఉంది. ఎందుకు?

ఈ తప్పు నేనూ చేశాను. ఒక సమావేశ మందిరంలో మైకుల బార్‌ను బల్లపై అడ్డంగా పెట్టి, ఎదురుగా కూర్చున్నవారి వైపు చూపు నిలిపి, సాయంత్రం వరకు సెట్టింగులు మారుస్తూ కూర్చున్నాను. నడుమ కరెంటు పోయి ఫ్యాన్లు ఆగిన పది నిమిషాలు ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద రికార్డయిన మాట మాత్రం గంట కొట్టినట్టు తేటగా ఉంది.

గీతలా అమర్చిన మైకులకు తెలిసేది ఆ గీతతో శబ్దం చేసే కోణం ఒక్కటే. ఎదురుగా కూర్చున్న మనిషి మాట అన్ని మైకులకూ ఒకేసారి చేరుతుంది. సరిగ్గా బార్‌కు పైన తిరిగే ఫ్యాను రొద కూడా అన్నింటికీ ఒకేసారి చేరుతుంది. లెక్కకు ఆ రెండూ ఒకే దిక్కు. అందువల్ల బార్ మాటతో పాటు ఫ్యానునూ ఆదరంగా వింటుంది. దీనికి మందు సాఫ్ట్‌వేర్‌లో దొరకదు, అమరికలో ఉంది. మైకులను పళ్లెంలా గుండ్రంగా అమర్చి బల్లపై పడుకోబెడితే, పైనుంచి దిగే ఫ్యాను శబ్దం అన్ని మైకులపైనా ఒకేసారి పడుతుంది. పక్క నుంచి వచ్చే మాట పళ్లెం ఒక అంచు నుంచి మరో అంచుకు పాకుతూ పోతుంది. అప్పుడు రెండింటినీ విడదీయవచ్చు. బార్ ఒక్కటే చేతిలో ఉంటే దాన్ని ఫ్యాను కింద నిలువుగా నిలబెట్టినా పని జరుగుతుంది గానీ, అప్పుడు చుట్టూ ఉన్నవారందరినీ అది ఒకే తీరున వింటుంది.

కడప బండలు వేసిన గదిలో ఎకో ఎక్కువ. మైకుల వరుస దాన్ని తీసేస్తుందా?

తీసేయదు, కొంత తగ్గిస్తుంది. ఎంత తగ్గిస్తుందో లెక్క వేసి చూద్దాం.

6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉన్న తరగతి గదిని తీసుకుందాం. కింద నున్నటి బండలు, పైన సిమెంటు స్లాబు, చుట్టూ ప్లాస్టరు గోడలు. ఈ తలాలు తమపై పడిన ధ్వనిలో సగటున 5 శాతమే మింగుతాయనుకుంటే, గదిలో మోత ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సేబిన్ సూత్రం ప్రకారం ఖాళీ గదిలో శబ్దం 60 డెసిబెల్లు తగ్గడానికి సుమారు 2.3 సెకన్లు పడుతుంది. మనం సెకనుకు ఎన్నో అక్షరాలు పలుకుతాం. ముందు అక్షరాల మోత వెనక అక్షరాలపై పడి వాటిని కప్పేస్తుంది. అటువంటి గదిలో నేరుగా వచ్చిన మాట, గోడలు తిప్పికొట్టిన మోత సమానమయ్యే దూరం సుమారు 36 సెం.మీ. మాత్రమే. ఆ జానెడున్నర దూరం దాటిన మైకుకు మాట కంటే మోతే ఎక్కువగా అందుతుంది.

మోత అన్ని దిక్కుల నుంచీ వస్తుంది కాబట్టి, దాన్ని వరుస తన దిశాత్మకత (చూపిన దిక్కును మిగతా దిక్కుల కంటే ఎంత ఎక్కువగా వింటుందన్న లెక్క) మేరకే తగ్గించగలదు. 6 డెసిబెల్ల దిశాత్మకత ఉన్న వరుస ఆ 36 సెం.మీ. దూరాన్ని రెండింతలు, అంటే 72 సెం.మీ. చేస్తుంది. టీచరు నల్లబల్ల దగ్గర మూడు మీటర్ల దూరంలో ఉంటే ఆ లాభం చాలదు. అదే గదిలో 20 మంది కూర్చుంటే ఒక్కొక్కరు అర చదరపు మీటరు మేర ధ్వనిని మింగుతారనుకున్నా, మోత 0.9 సెకన్లకు దిగుతుంది. జనం మన చేతిలో లేకపోయినా జంపఖానాలు, మందపాటి కర్టెన్లు, వెనక గోడకు కట్టే బొంతలు మన చేతిలో ఉన్నాయి. గదిని సరిచేయకుండా నేరుగా మైకులు కొన్నవారు రెండోసారి కూడా ఖర్చు పెట్టడం చాలాసార్లు చూశాను. పాత ఇళ్లలో సున్నపు గోడ, మట్టి నేల, గంపలు, బస్తాలు ఉన్న గదిలో మాట ఎంత మెత్తగా వినిపించేదో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

మే నెల ఎండకు లెక్కలు మారతాయా?

42 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకు సుమారు 356 మీటర్లు. 20 డిగ్రీల్లో కంటే 4 శాతం ఎక్కువ. 5 సెం.మీ. ఎడానికి 146 మైక్రోసెకన్ల ఆలస్యం 140కి మారుతుంది. ఇది పట్టించుకోనవసరం లేనంత చిన్నది. మీటరు పొడవున్న వరుసలో మాత్రం, గీత వెంబడి వచ్చే ధ్వనికి ఆ తేడా 100 మైక్రోసెకన్లు దాటుతుంది. 4 కిలోహెర్ట్జ్ తరంగంలో సగం పట్టే కాలం 125 మైక్రోసెకన్లు. అంటే కలిసి బలపడవలసిన తరంగాలు దాదాపు ఎదురెదురుగా నిలబడి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. జనవరిలో సరిచేసిన పొడవాటి వరుసను మేలో మళ్లీ సరిచేయాలి, లేదా వేడిమిని కొలిచి లెక్కలో చేర్చాలి.

అనంతపురం గాలికి బుస్సుమనే శబ్దం వస్తోంది. ఏం చేయాలి?

ఉరవకొండ వైపు గాలిమరలు ఊరికే నిలబెట్టలేదు కదా. మైకు రంధ్రం దగ్గర గాలి సుడులు తిరగడం వల్ల పుట్టే ఈ బుస్సుమనే శబ్దం ఏ మైకుకు ఆ మైకు సొంతం. దానికి దిక్కు ఉండదు. డిలే అండ్ సమ్ దీన్ని కొంత తగ్గిస్తుంది. చిన్న వరుసతో బాగా సన్నటి చూపు తెస్తామని చెప్పే సూపర్‌డైరెక్టివ్ పద్ధతులు మాత్రం కింది ఫ్రీక్వెన్సీల్లో మైకుల మధ్య ఉన్న సూక్ష్మమైన తేడాలను పెద్దవి చేస్తాయి, దాంతో గాలి శబ్దాన్నీ పెద్దది చేస్తాయి. ఆరుబయట ముందుగా స్పాంజి తొడుగు, దానిపై బొచ్చు తొడుగు వేయాలి.

రెండు ఫోన్లలో రికార్డు చేసి, తర్వాత కలిపితే కుదరదా?

కుదరదు. ఒక్కో ఫోనుకు దాని గడియారం దానికి ఉంటుంది. రెండింటి మధ్య పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా పది సెకన్లలో 200 మైక్రోసెకన్లు పక్కకు జరుగుతాయి. మనం కొలవదలచిన ఆలస్యమే 146 మైక్రోసెకన్లు. ఇదే కారణంగా రెండు విడి యూఎస్‌బీ మైకులతోనూ ఈ పని చేయకూడదు. మైకులన్నీ ఒకే బోర్డుపై, ఒకే గడియారానికి నడవాలి.

ఎంవీడీఆర్ అన్న పేరు తరచూ వినిపిస్తుంది. అది ఎప్పుడు వాడాలి?

డిలే అండ్ సమ్‌కు రొద ఎక్కడుందో పట్టదు. ఎంవీడీఆర్ (మినిమమ్ వేరియన్స్ డిస్టార్షన్‌లెస్ రెస్పాన్స్) మనం చూపిన దిక్కు మాటను మార్చకుండా, మిగిలిన మొత్తం శక్తిని వీలైనంత తగ్గించేలా ఒక్కో మైకుకు ఒక్కో ఫ్రీక్వెన్సీ వద్ద ఎంత బరువు ఇవ్వాలో విన్న శబ్దం నుంచే లెక్కిస్తుంది. 1969లో కేపన్ అనే పరిశోధకుడు ఈ పద్ధతిని రాసింది మాటల కోసం కాదు, అమెరికాలోని మోంటానాలో భూకంప తరంగాలను వినడానికి పరిచిన సీస్మోమీటర్ల వరుస కోసం. 1972లో ఫ్రాస్ట్, 1982లో గ్రిఫిత్స్, జిమ్ అనే పరిశోధకులు ఆ దారినే ముందుకు తీసుకుపోయారు.

ఫంక్షన్ హాలు వెనక ఒకేచోట మోగే జనరేటరు ఉన్నప్పుడు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. నాలుగు మైకులు సూత్రప్రాయంగా మూడు దిక్కుల రొదలను మూయగలవు. యార్డులో నలభై మంది నలభై వైపుల నుంచి అరుస్తున్నప్పుడు మాత్రం మూడు దిక్కులు మూసి లాభం లేదు, ఫలితం డిలే అండ్ సమ్‌కు దగ్గరగానే ఉంటుంది.

దీని ప్రమాదం కూడా తెలుసుకోవాలి. మనిషి ఉన్న దిక్కును కొన్ని డిగ్రీలు తప్పుగా చూపినా, ఎదురు గోడ నుంచి ఆయన మాటే తిరిగి వచ్చినా, ఎంవీడీఆర్ ఆ మాటనే రొద అనుకుని అణచివేయడం మొదలుపెడుతుంది. మాట ఉన్నట్టుండి సన్నబడి, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తే ముందుగా దీన్నే అనుమానించండి. ప్రతి మైకుకూ కొంచెం సొంత రొద ఉన్నట్టు లెక్కలో చేర్చే డయాగొనల్ లోడింగ్ అన్న ఉపాయం ఈ దూకుడును తగ్గిస్తుంది. మైకుల సున్నితత్వంలో ఒక డెసిబెల్ అటూఇటూ తేడా సహజమే కాబట్టి, అమర్చే ముందు అన్నింటికీ ఒకే శబ్దం వినిపించి సరిసమానం చేసుకోవడమూ అవసరమే.

ఏఐ వచ్చాక ఈ మైకుల గొడవ ఎందుకు?

రెండూ కలిసి పనిచేస్తాయి. బస్సు, కేఫ్, వీధి వంటి చోట్ల ఆరు మైకులున్న ట్యాబ్లెట్‌తో చేసిన రికార్డింగులపై 2015లో చైమ్-3 అనే పోటీ జరిగింది; రొదలో మాటను యంత్రంతో గుర్తించడమే ఆ పోటీ. ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలో మాట ఉందో, ఎక్కడ రొద ఉందో న్యూరల్ నెట్‌వర్క్‌తో గుర్తించి, ఆ సమాచారాన్ని బీమ్‌ఫార్మర్‌కు ఇచ్చే దారి ఆ పోటీ నాటి నుంచి బాగా నిలదొక్కుకుంది. ఒకే మైకు రికార్డును శుభ్రం చేసే ఏఐ చెవికి హాయిగా వినిపించినా, ఆ క్రమంలో మాట ముక్కలను కూడా గీకేస్తుంది. రొదను సరిగ్గా తీసేసి హల్లును వదిలేయడం దానికి ప్రతిసారీ చేతకాదు.

వేలంలో పలికిన ధరలను యంత్రంతో రాయించాలనుకున్నాం. ‘ఇరవై’, ‘అరవై’ తారుమారవుతున్నాయి.

చాలాచోట్ల ఈ తప్పు బీమ్‌ఫార్మర్‌ది కాదు, దాని తర్వాత పెట్టిన నాయిస్ గేటుది. మాట మొదలైందని గుర్తించాకే తెరుచుకునే గేటు మొదటి అచ్చును మింగేస్తుంది; ఇరవై అన్నా అరవై అన్నా యంత్రానికి ‘రవై’ అనే అందుతుంది. గేటు తీసేయండి, లేదా మాట గుర్తించిన క్షణానికి ముందున్న 200 మిల్లీసెకన్ల శబ్దాన్ని కూడా దాచిపెట్టి పంపేలా మార్చండి. ఒక్క వేలంలో ఈ ఒక్క అక్షరం విలువ ఎంతో రైతుకు చెప్పనక్కర్లేదు.

వరుస నుంచి వచ్చిన మాటను అదే హాల్లో స్పీకర్లకు ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు గానీ ఆలస్యం చూసుకోవాలి. ప్రాసెసింగుకు పట్టే కాలం, స్పీకరు దూరం కలిపి 50 మిల్లీసెకన్లు దాటితే ముందు వరుసలవారికి మాట రెండుసార్లు వినిపిస్తుంది. కూత పెట్టకుండా ఉండాలంటే వరుస అతి తక్కువగా వినే దిక్కులో స్పీకర్లను పెట్టాలి.

మేము అనంతపురం జేఎన్‌టీయూ విద్యార్థులం. ప్రాజెక్టు ఎక్కడ మొదలుపెట్టాలి?

మైకులు కొనకముందే పైరూమ్‌అకూస్టిక్స్ అన్న ఉచిత పైథాన్ లైబ్రరీలో మీ తరగతి గది కొలతలు వేసి, మైకులను, మనిషిని, ఫ్యానును అందులో పెట్టి చూడండి. పైన చెప్పిన ఫ్యాను తికమక మీ కళ్ల ముందే కనిపిస్తుంది. తర్వాత రాస్ప్‌బెర్రీ పై అన్న చిన్న కంప్యూటరు మీద నడిచే నాలుగు మైకుల రీస్పీకర్ బోర్డు వంటిది చాలు. దిక్కును కనుక్కోవడానికి నాప్, కార్టర్ 1976లో ప్రచురించిన పద్ధతిని, అంటే జీసీసీ-ఫ్యాట్‌ను, మీరే రాసుకోండి. ఒక సాయంత్రం పని. 16 కిలోహెర్ట్జ్ వద్ద ఒక్క శాంపిల్ కాలంలో ధ్వని 2 సెం.మీ. పైగా పోతుందని మరచిపోకండి. శాంపిల్‌లో భాగాలను లెక్కించకపోతే దిక్కులు మెట్లు మెట్లుగా వస్తాయి.

అమర్చాక బాగుపడిందో లేదో ఎలా తేల్చాలి?

అమర్చినవాడి చెవిని నమ్మకూడదు. వాక్యం ముందే తెలిసిన మనిషికి ఎంత రొదలోనైనా అది వినిపిస్తుంది. ఆ స్థలంలో రోజూ ఉండే రొద నడుస్తుండగా, ‘పది’ ‘పడి’, ‘కల’ ‘కళ’, ‘ఇరవై’ ‘అరవై’ వంటి జంటల నుంచి యాభై మాటలను వరుస మార్చి ఒకరితో చదివించండి. బీమ్‌ఫార్మర్ ఆన్ చేసి ఒకసారి, ఒకే మైకుతో మరోసారి, అదే మైకును సగం దూరానికి జరిపి మూడోసారి రికార్డు చేయండి. ఆ గదిలో లేని మనిషికి మూడింటినీ ఏది ఏదో చెప్పకుండా వినిపించి, విన్న మాటలను కాగితంపై రాయించండి. మూడో రికార్డుకే ఎక్కువ మార్కులు వస్తే బోర్డును పెట్టెలో పెట్టేసి, రెండు మీటర్ల వైరు కొనుక్కోండి.